ఉప్పు వేయని మజ్జిగ

బోయిగూడలో మా పాల దుకాణం ఎక్కడని అడిగితే, జనం పాల సంగతి వదిలేసి మజ్జిగ సంగతి చెబుతారు. అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర దంచి వేసి, గట్టిగా ఉప్పు కలిపిన మజ్జిగ. ఎండాకాలం వచ్చిందంటే ఆటోవాళ్ళు బండ్లు అడ్డదిడ్డంగా ఆపి, గటగటా తాగి, మూతి తుడుచుకుని పోతారు. దారి మూసేశారని నేను వాళ్ళను తిడుతూ ఉంటాను, వాళ్ళు నవ్వుతూ ఇంకో గ్లాసు అడుగుతారు. అదంతా మా అమ్మ విమలమ్మ చేతి మహిమ అంటారు అందరూ. అమ్మ మజ్జిగ చిలకగానే ఉప్పు వేసేస్తుంది. వెన్న తీసిన చేతులు కడుక్కోకముందే వేసేస్తుంది. అంత తొందర ఎందుకో వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. తెలిసినా ఇన్నేళ్ళూ ఆ మాట ఎత్తలేదు. మా అమ్మ ముందు కొన్ని మాటలెత్తే ధైర్యం నాకు యాభై దాటాక కూడా రాలేదు.

మొన్న వానాకాలంలో ఒక మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేని వేళ, మోకాళ్ళ దాకా బురద అంటిన ప్యాంటుతో ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. గడ్డం నెరిసింది. ముఖం ఎక్కడో చూసినట్టుంది. పాల బాకీ మనిషేమోనని నేను కళ్ళద్దాలు సర్దుకున్నాను.

"ఊర్మిళక్కా, గుర్తు పడ్తలేవా? నోవహును. మేబెలమ్మ కొడుకును."

పక్కింటి రాతిగోడ, గోడ అవతలి పందుల దొడ్డి, చేప తలకాయలు ఉడికే వాసన, అన్నీ ఒక్కసారిగా నన్ను కమ్మేశాయి. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

"కూసోరా. ఎన్నేండ్లయింది నిన్ను చూసి. చిన్నమ్మ మంచిగున్నదా? మజ్జిగ తాగుతవా?"

"మజ్జిగ కోసమే వచ్చిన అక్కా. నాకు కాదు, పంది పిల్లలకు. ఉప్పు వెయ్యంది కావాలె."

లోపల అమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

నోవహు కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. సైనిక్‌పురి దాటి, యాప్రాల్ అవతల వాళ్ళకు కొంచెం జాగా ఉంది. అక్కడే పందుల ఫారం, అక్కడే ఇల్లు. బజారులో అమ్మేవన్నీ తెల్ల పందులు. కానీ బోయిగూడ నుంచి తీసుకుపోయిన నల్ల పంది సంతానాన్ని మేబెల్ చిన్నమ్మ విడవకుండా కాపాడుకుంటూ వచ్చింది. ఆ వంశంలో చివరికి ఒక్క ఆడపందే మిగిలింది. అది ఈని, జ్వరమొచ్చి చచ్చిపోయింది. పిల్లలు ఇంకా పాలు మరవలేదు.

"దుకాణంల దొరికిన పిల్లల దాణా పెట్టిన అక్కా. అదంత సోయానే. సోయాల ప్రోటీన్ మస్తుంటది, కాదనను. గని అప్పుడే తల్లిని ఇడిశిన పిల్లకు అది అరగదు. రెండో దినం నుంచే కడుపు పారుడు షురూ అయింది. డాక్టర్ తిరుమల్ సారు వచ్చి చూసి తిట్టిండు. వాటి కడుపు ఇంక పాల సరుకే అడుగుతదిరా, ముందు అది పెట్టు, తర్వాత గుడ్డు, చేపల పొడి, సోయా జెర జెర అలవాటు చెయ్యి అన్నడు. పాలపొడి దాణా ఆర్డర్ పెట్టిండు. అది వచ్చేటాల్లకు ఇవి ఉండేటట్టు లేవు."

"పెరుగు కొని చిలికి పొయ్యరాదుర?"

"పోసిన. చేత్తోని చిలికితే వెన్న సగం దాంట్లనే ఉంటది. ఆ కొవ్వు అరగక ఇంక పారుతున్నయి. ప్యాకెట్ మజ్జిగల అన్నిట్ల ఉప్పే. మీరు మిషన్ల పెట్టి వెన్నంతా తీస్తరు గద." అతను లోపలి గుమ్మం వైపు చూశాడు. "అమ్మనే పంపింది. విమలక్క కాడికి పో, ఇంక యాడికి పోకు అన్నది. ఈ ఈత పోతే నల్లటియి ఖతం అక్కా. పొద్దుటి నుంచి ఆ కొట్టం కాడ కుర్చీ ఏసుకొని కూసున్నది, బువ్వ సుత తింటలేదు."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ నోవహును పైనుంచి కిందికి చూసింది. ఆ చూపులో ప్రేమ ఉంది. నేను నా కళ్ళతో చూశాను. అయినా అన్నది మాత్రం ఇది:

"మా ఇంట్ల ఉప్పు వెయ్యని మజ్జిగ ఉండదు నాయనా. ఇంకెవరినన్న అడుగు."

"పెద్దమ్మా, రేపు మీరు చిలికినంక, ఉప్పు కలపకముందు జెర తీసి పెడితే..."

"లేదన్న గద. మీ అమ్మను అడిగిన్నని చెప్పు."

లోపలికి వెళ్ళిపోయింది. నోవహు ఇంకాసేపు నిలబడి, "పోతున్న అక్కా" అని మెల్లగా అనేసి బండి ఎక్కాడు. ఆ మనిషిని వట్టి చేతులతో పంపినందుకు నాకు అమ్మ మీద ఒళ్ళు మండిపోయింది.

ఒకప్పుడు మా రెండిళ్ళకూ మధ్య రాతిగోడ ఒక్కటే అడ్డం. ఇటు మా బర్రెల కొట్టం, అటు మేబెల్ చిన్నమ్మ పందుల దొడ్డి. ఇప్పుడు రెండూ లేవు, రెండుచోట్లా అపార్టుమెంట్లు లేచాయి. మేము కింద దుకాణం, పైన ఇల్లు మిగుల్చుకున్నాం. చిన్నమ్మ ఒక పెద్దాసుపత్రిలో ఆయాగా పనిచేసేది. మొగుడు నోవహు పుట్టిన ఏడాదే పోయాడు. తెల్ల చీర కట్టుకుని డ్యూటీకి పోయేది, వచ్చాక పాత చీర మార్చుకుని పందుల్లోకి దిగేది. క్రిస్మస్ ముందు ఆమె గుమ్మం ముందు మాంసం కోసం నిలబడే వాళ్ళతో మా సందు నిండిపోయేది. పండగనాడు మాకు కేకు పంపేది. నాయనమ్మ దాన్ని ముట్టేది కాదు, మేము తిన్నంతసేపూ మా నోళ్ళ వైపే చూసేది.

ఆ రోజుల్లో మేము పాలమ్మినా మజ్జిగ అమ్మేవాళ్ళం కాదు. మజ్జిగ అమ్ముకోవడమంటే పాలవాళ్ళకు పెద్ద నామోషీ. అడిగినవాళ్ళకు ఊరికే పోసేవాళ్ళం. మనిషికి పోసేటప్పుడు ఇంత ఉప్పు వేసి, కలిపి పోయాలి. ఉప్పు లేకుండా పోస్తే పశువుకు పోసినట్టని నాయనమ్మ అనేది. ఉప్పు వేయనిది బర్రెల కుడితిలోకి పోయేది. మిగిలింది గోడ అవతలికి.

పందులు ఈని, పిల్లలు పాలు మరిచే రోజులొచ్చాయంటే మా సందుకంతా తెలిసేది. తల్లి నుంచి వేరు చేసిన పూట అవి పెట్టే గోలకు చెవులు చిల్లులు పడేవి. "తల్లి పోయిన బాధొకటి, తిండి మారిన బాధొకటి. రెండు ఒక్కపారి పెడితే ఎట్ల తట్టుకుంటయి బిడ్డా" అనేది చిన్నమ్మ నాతో. అందుకే ముందు వాటికి నూకల జావలో మా మజ్జిగ కలిపి పోసేది. పుల్లటి మజ్జిగ అయితే ఇంకా మంచిదనేది. కడుపు నిలబడ్డాక మోండా మార్కెట్లో పగిలిన గుడ్లు తెచ్చి ఉడకబెట్టి చిదిమి వేసేది. ఆ తర్వాత చేప తలకాయలు. వాటిని ఉడికించి ముళ్ళు ఏరుతూ కూర్చునేది. నేను గోడెక్కి ఆ వాసన పీలుస్తూ కబుర్లు చెప్పేదాన్ని. చివరికెప్పుడో నూనె తీసిన పల్లి చెక్క నానబెట్టి కొద్దికొద్దిగా మొదలుపెట్టేది. ఇప్పుడు డాక్టర్లు ఏ మాట చెబుతున్నారో, చిన్నమ్మా దాదాపు అదే చేసింది. ఎవరు చెప్పారని అడిగితే, "ఎవరు చెప్తరు, చచ్చిన పిల్లలే చెప్పినయి" అని నవ్వేది.

ఒక్కటే చిక్కు ఉండేది. దీపం పెట్టాక మా ఇంట్లోంచి పాలు గానీ, పెరుగు గానీ, మజ్జిగ గానీ గడప దాటకూడదు. దాటితే లక్ష్మి కూడా వెళ్ళిపోతుంది. చిన్నమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి చీకటి పడేది. మా అమ్మ ఏం చేసేదో తెలుసా? పంది పిల్లలు పాలు మరిచే రోజుల్లో దీపమే ఆలస్యంగా పెట్టేది. వత్తులు చేసేది, మళ్ళీ విప్పి చేసేది. నూనె సీసా దొరకడం లేదనేది. నాయనమ్మ చీకట్లో కూర్చుని, "పందుల కోసం లక్ష్మిని గుమ్మం బయట నిలబెడ్తవానే" అని సణిగేది. గోడ అవతల చిన్నమ్మ "అక్కా" అని పిలవగానే అమ్మ గిన్నె గోడ మీద పెట్టేసి, గబగబా వచ్చి దీపం వెలిగించేది. ఇప్పటికీ చీకటి పడే వేళ కరెంటు పోతే నాకు ఆ గదీ, నాయనమ్మ సణుగుడూ, అమ్మ దొంగతనంగా నవ్వే నవ్వూ గుర్తొస్తాయి. మా అమ్మ అంత నవ్వడం నేను తర్వాత చూడలేదు.

ఒక ఎండాకాలం నాయనమ్మకు వాంతులూ విరేచనాలూ పట్టుకుని మనిషి మూలన పడింది. చిన్నమ్మే తన ఆసుపత్రికి తీసుకుపోయి, రాత్రీ పగలూ పక్కనుండి, ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి బతికించింది. ఇంటికొచ్చిన నాయనమ్మ వేరే మనిషి. సణుగుడు మాయం. "దీపం పెట్టకు ఆగవే, మేబెలు ఇంక రాలే" అని తనే అమ్మను ఆపేది. గిన్నె కూడా తనే గోడ మీద పెట్టేది.

ఆ వారమే చిన్నమ్మ దొడ్డిలో పిల్లలు చచ్చిపోవడం మొదలైంది. పిచ్చిపట్టినట్టు గుండ్రంగా తిరిగి, తల గోడకానించి, కాళ్ళు కొట్టుకుంటూ పోయాయి. నల్లాలు రాని రోజులవి, ఎండకేమోనని అందరూ అనుకున్నారు. చిన్నమ్మ తొట్టి అడుగున మిగిలింది వేలితో తీసి నాలుకకు రాసుకుంది. తర్వాత గోడ దగ్గరకు వచ్చింది.

"అవ్వా, మజ్జిగల ఉప్పేసిన్రా?"

"నేనే ఏసిన బిడ్డా" అంది నాయనమ్మ గర్వంగా. "నా ప్రాణం నిలబెట్టినదానివి. నీ ఇంటికి పశువులకు పోసినట్టు చప్పటి మజ్జిగ ఎట్ల పంపుత? ఇన్నొద్దులు పంపిందే తప్పు."

చిన్నమ్మ నాయనమ్మ ముఖం వైపు చూసింది. నేను అక్కడే ఉన్నాను, ఆ చూపు నాకు గుర్తుంది.

"మంచిగ చేసినవు అవ్వా" అంది. అంతే. వెనక్కు తిరిగి వెళ్ళిపోయింది.

నాయనమ్మ చనిపోయేదాకా ఆమెకు సంగతి తెలియదు. తెలియనివ్వలేదు ఎవరూ. కానీ ఆ ఉప్పే పిల్లలను చంపిందని అమ్మకు అర్థమైంది. ఆ సాయంత్రం గిన్నెను అమ్మ గోడ మీదకు వెళ్ళనివ్వలేదు, గోడ అవతల నుంచి "అక్కా" అన్న పిలుపూ రాలేదు. మర్నాటి నుంచి మా ఇంట్లో చిలికిన మజ్జిగంతా చిలికిన చోటే ఉప్పుదైపోయింది. ఎవరూ అడగడానికి వీల్లేకుండా, తను ఇవ్వడానికీ వీల్లేకుండా. ఆ తర్వాత సందులో పందులు వద్దని గొడవలైతే చిన్నమ్మ వాటిని తోలుకుని ఊరి బయటికి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు అమ్మ లోపల తలుపేసుకుని కూర్చుంది. నాయన పోయినప్పుడు చిన్నమ్మ వచ్చింది, వాకిట్లో కూర్చుని ఏడ్చి వెళ్ళింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు.

నోవహు వెళ్ళిన సాయంత్రం నేను ఊరుకోలేదు. మా ఆయన హరికిషన్ బేగంపేట ఆఫీసు నుంచి మెట్రోలో వేలాడి వచ్చి, నా ముఖం చూసి, నేరుగా టీవీ ముందు కూర్చున్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ మనిషికి పాల వాసన పడదు గానీ, నా ముఖం చదవడం బాగా వచ్చు.

"పాపం పోరడు అంత దూరం నుంచి వస్తే గట్లనే పంపుతవా?" అన్నాను అమ్మతో.

"నా ఇంటి మజ్జిగ తాగి ఒకసారి పోయినయి. ఇప్పుడవి సచ్చేటట్టే ఉన్నయంటున్నడు. నేను పోసినంక పోతే? మల్ల నా చేతుల మీదనే పోవాల్నా? ఆమె మల్ల మంచిగ చేసినవు అక్కా అంటే నేను బతకాల్నా?"

"పొయ్యకపోతే రేపో ఎల్లుండో పోతయి. గప్పుడెవరి చేతుల మీద పోయినట్టే?"

అమ్మ కంచం ముందుకు జరుపుకుంది. కంచంలో అన్నం కలిపింది, కలిపిన చేయి అలాగే ఉండిపోయింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషితో అంత మాట అన్నందుకు నాకు బాధేసింది. వెనక్కు తీసుకుందామనీ అనిపించింది. తీసుకోలేదు.

తెల్లవారి నేను కిందికి దిగేసరికి మజ్జిగ గదిలో ఉప్పు బస్తా లేదు. వాకిట్లో, వాన పడకుండా గోనెపట్టా కప్పి ఉంది. అల్లం దంచే రోలు కూడా బయటే. అమ్మ మిషన్ను వేడినీళ్ళతో కడుగుతోంది. పనివాళ్ళను గదిలోకి రానివ్వలేదు. కొత్త క్యాను తీసి, కడిగి, తుడిచి, మళ్ళీ కడిగింది. వెన్న తీసిన మజ్జిగ అందులోకి పడుతుంటే చేత్తో పట్టి రుచి చూసింది. నా చేతిలో పోసింది.

"చూడు. నా నాలికకు ఇప్పుడేం తెలుస్తలేదు."

"చప్పగనే ఉన్నదమ్మా."

"మల్ల చూడు."

ఆ రోజు దుకాణం ముందు ఆటోవాళ్ళు మజ్జిగ లేదని గొడవపడుతుంటే వాళ్ళను అలాగే వదిలేసి, హరికిషన్ కారులో బయలుదేరాం. ఆఫీసుకు ఏం చెప్పాలని ఆయన అడిగితే, "పాలవాళ్ళింటి అల్లుడినని చెప్పు, వాళ్ళకే అర్థమైతది" అంది అమ్మ. క్యాను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో మూత నొక్కి పట్టుకుని కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా అల్లుణ్ణి తిట్టింది. సైనిక్‌పురి దాటాక మాత్రం తిట్టడం కూడా మానేసింది.

కొట్టం ముందు ప్లాస్టిక్ కుర్చీలో మేబెల్ చిన్నమ్మ కూర్చుని ఉంది. జుట్టంతా ముగ్గుబుట్ట. చిక్కిపోయింది.  ఇంత దగ్గర్లో ఉండి, ఫోన్లుండి, కారుండి, ఈ మనిషిని చూడకుండా ఎలా ఉన్నానో నాకే తెలియలేదు.

"మేబెలూ" అంది అమ్మ.

"వచ్చినవా అక్కా. కూసో."

అమ్మ కూర్చోలేదు. క్యాను ఆమె ముందు పెట్టి మూత తీసింది. "రుచి చూడు. నువ్వు చూసినంకనే పొయ్యాలె."

"నువ్వు చూసే తెచ్చినవు గద."

"నువ్వు చూడాలె."

చిన్నమ్మ క్యాను వైపు చూడను కూడా చూడలేదు. అమ్మ వైపే చూస్తూ చెప్పింది. "అక్కా, ఆ దినం నా తొట్టిల నీళ్ళు లేకుండె."

అమ్మకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"నల్లాలు బంద్ అయినయి గద అప్పుడు. ఇంట్ల ఒక్క బిందెనే ఉండె. పిల్లలకు పోసి పోవాలె. డ్యూటీకి గలీజుగ ఎట్ల పోతనని, ఆ బిందె నేను తానానికి వాడుకున్న. ఉప్పు తాగినా పక్కన నీళ్ళుంటే పంది తట్టుకుంటది అక్కా. నీళ్ళు లేకనే పోయినయి. అవ్వ ఉప్పు సంగతి నాకు ఎరుకైంది. నా బిందె సంగతి మీకు ఎరుక లేదు. అవ్వేమో నవ్వుకుంట మంచిగ పంపిన బిడ్డా అంటున్నది. నేను ఏ మొఖం పెట్టుకొని మల్ల గోడ కాడికి రావాలె?"

"నువ్వు కోపానున్నవనుకున్న" అంది అమ్మ.

"కోపమా? అవ్వ మీదనా?"

వాళ్ళిద్దరి మీదా నాకు పట్టరాని కోపం వచ్చింది. ఒక ఊళ్ళో ఉండి, ఒకరికొకరు భయపడి, సగం జీవితం అనవసరంగా పారబోసుకున్నారు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అమ్మ ముక్కు చీదుకుని, కొంగుతో తుడుచుకుని, నోవహు వైపు తిరిగింది.

"ఇప్పుడు నీళ్ళు పెట్టినవా?"

"పెట్టిన పెద్దమ్మా. అగో, ఆ తొట్టిల."

"చూపియ్యి."

వెళ్ళి తొట్టిలో చేయి ముంచి చూసి వచ్చింది. అప్పుడు గానీ చిన్నమ్మ నవ్వలేదు.

పిల్లలు కొట్టంలో లైటు కింద, గడ్డి మీద ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నల్లగా, పక్కటెముకలు లెక్కపెట్టేలా. నోవహు పళ్ళెంలో జావ పోసి, మజ్జిగ కలిపి ముందు పెట్టాడు. ఒక్కటీ లేవలేదు. ఒకటి కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

"మూతికి వేలు అందియ్యాలె" అంది చిన్నమ్మ. "నా చేతులు వణుకుతున్నయి. వీనివేమో మొద్దు వేళ్ళు, ముట్టనిస్తలేవు."

నేను వంగబోయాను. అమ్మ నన్ను పక్కకు జరిపింది. పంది పక్కనుంచి పోతే ఇంటికొచ్చి తలంటు పోసుకునే మనిషి మా అమ్మ. అన్నేళ్ళు గోడ మీద గిన్నె పెట్టింది గానీ, ఒక్కరోజు కూడా అటు తొంగి చూడలేదు. అది నాకు అప్పుడే తట్టింది. ఆమె పంది పిల్లను ఇంత దగ్గరగా చూడటం అదే మొదలు. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య దోపుకుని గడ్డిలో చతికిలబడి, అన్నిటికంటే బక్కగా ఉన్న ఆడపిల్లను ఒళ్ళోకి లాక్కుంది. లేగదూడకు పాలు అలవాటు చేసినట్టే, వేలు మజ్జిగలో ముంచి నోట్లో పెట్టింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. వేలు తీసి, ముంచి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ.  హరికిషన్ కూడా ముక్కు మీద రుమాలు తీసేసి చూస్తున్నాడు.

"అబ్బ, దీనికి పండ్లున్నయే" అంది అమ్మ.

పిల్ల చప్పరిస్తోంది. అమ్మ వేలిని మెల్లగా పళ్ళెంలోకి దించింది, వేలి వెంట మూతీ దిగింది. ముక్కులోకి మజ్జిగ పోయి తుమ్మింది, మళ్ళీ మూతి పెట్టింది. ఆ చప్పుడుకు ఇంకోటి తల ఎత్తింది.

ముందే చెప్పేస్తాను, అన్నీ బతకలేదు. ఒకటి ఆ మధ్యాహ్నమే పోయింది. మిగతావి నిలబడ్డాయి, పాలపొడి దాణా వచ్చేసరికి గుడ్డు కూడా తింటున్నాయి. కానీ అదేమీ తెలియని ఆ ఘడియలో, మూతి నిండా తెల్లగా పూసుకున్న ఆ నల్ల పిల్లను ఒళ్ళో పెట్టుకుని, మా అమ్మ దాన్నే చూస్తూ ఉండిపోయింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు.

"గిట్ల తాగుతయా ఇవి" అంది. తర్వాత తలెత్తి, గోడ మీద గిన్నె పెట్టిన రోజుల్లో అడిగినట్టే అడిగింది.

"రేపు ఎంత తేవాలె, మేబెలూ?"